కత్తిరించిన పదకొండు సెకన్లు

ఆ పరిశోధనాలయంలో ఆయన్ని అందరూ చెవుల మాస్టారు అనేవారు. చెవులు పెద్దవేమీ కావు, మామూలువే. కాకపోతే మూడు గదుల అవతల ఫ్యాను బేరింగు అరిగితే కూర్చున్న చోటునుంచే చెప్పేసేవాడు. లిఫ్టు ఏ అంతస్తులో ఆగిందో తలెత్తకుండా చెప్పేవాడు. తోటివాళ్ళు కాలక్షేపానికి పందెం కాసి ఓడిపోతూ ఉండేవారు. ఆ పేరు ఆయనకు ఎంత అలవాటైపోయిందంటే, ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే పలకడానికి కాస్త సమయం పట్టేది. అంతటి చెవులున్న మనిషి సొంత ఇంట్లో చెప్పిన మాట ఇరవై ఆరేళ్ళు చెవిన పెట్టలేదు. నేను చెప్పబోయేది దాని గురించే.

ఆయన పనిచేసే గది రెండో అంతస్తు వరండా చివర ఉంటుంది. కిటికీ లేదు. గోడలకు మెత్తలు, తలుపుకు రబ్బరు అంచు. తలుపు మూశాక బయట ప్రపంచం ఉందో పోయిందో తెలియదు. మధ్యలో వెనక్కి వాలే కుర్చీ, కుర్చీ వెనక అవతలివైపునుంచి మాత్రమే ఇటు కనిపించే ఒక అద్దం, అద్దానికి అవతల మాస్టారు, ఆయన యంత్రాలు. అక్కడ పరిశోధించేది భయాన్ని. కొందరికి ఏ కారణమూ లేకుండా, బస్సులోనో, క్యూలోనో, అన్నం తింటూనో, ఉన్నట్టుండి చచ్చిపోతున్నామన్నంత భయం ముంచుకొస్తుంది. పానిక్ జబ్బంటారు డాక్టర్లు. మంట లేకుండానే గంట మోగుతోంది, గంటలో లోపమా, కొట్టేవాడిలో లోపమా తేల్చాలి అని పెద్ద డాక్టరు వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. తేల్చకుండానే ఆయన తల పండిపోయింది.

పరీక్ష ఇలా ఉండేది. కుర్చీలో కూర్చున్న మనిషి ఛాతీకి తీగలు అంటించి, ఊపిరి కొలిచే పట్టీ చుట్టి, చెవులకు హెడ్‌ఫోన్ పెట్టి, "మీ గుండె చప్పుడు మీకే వినిపిస్తాం, కళ్ళు మూసుకుని వినండి" అనేవారు. మొదటి రెండు నిమిషాలు అది నిజమే. తర్వాత మాస్టారు అద్దం వెనక ఒక మీటను నెమ్మదిగా తిప్పుతూ ఆ మనిషి గుండెను తగ్గించి, టేపులో ఉన్న ఇంకో గుండెను పైకి తెచ్చేవాడు. ఎక్కడ మారిందో ఎవరికీ తెలిసేది కాదు. టేపులో గుండె మొదట నింపాదిగా కొట్టుకుని, మెల్లమెల్లగా వేగం పెంచుకునేది. ఏ జబ్బూ లేనివాళ్ళు కాస్త చిరాకుపడి ఊరుకునేవారు. జబ్బున్నవాళ్ళు మాత్రం తమ గుండే పరుగెడుతోందనుకునేవారు. అనుకోగానే వాళ్ళ సొంత గుండె నిజంగానే దాని వెంట పడేది. కాగితం మీద రెండు గీతలు పక్కపక్కన మెట్లెక్కినట్టు ఎక్కేవి. అయ్యాక అసలు సంగతి చెప్పి, నీళ్ళిచ్చి, క్షమించమని అడిగి ఇంకో కాగితం మీద సంతకం పెట్టించుకునేవారు. అబద్ధానికి ముందొక సంతకం, నిజానికి తర్వాతొక సంతకం.

టేపులో గుండె మాస్టారి భార్యది.

పెళ్ళయిన కొత్తలో ఒక ఆదివారం ఆవిడ భర్త పనిచేసే చోటు చూద్దామని సరదాగా వచ్చింది. అప్పటికి పెద్ద డాక్టరు మంచి టేపు కావాలని నెల రోజులుగా ప్రాణం తీస్తున్నాడు. మాస్టారు కొత్త పెళ్ళాన్ని ఆ కుర్చీ పక్కన ఒక పొట్టి బల్ల మీద ఎక్కి దిగమని, ఛాతీకి మైకు అంటించి రికార్డు చేశాడు. ఆవిడ నవ్వుతూనే ఎక్కింది, దిగింది. మున్సిపాలిటీ కొలనులో పిల్లలకు ఈత నేర్పే టీచరు ఆవిడ. నలభై సార్లు ఎక్కి దిగడం ఆవిడకో లెక్క కాదు. అయితే మధ్యలో ఎందుకో ఆగి ఏదో మాట్లాడింది. "కదలకు, టేపు పాడవుతుంది" అన్నాడు ఆయన. మళ్ళీ ఎక్కింది. ఆ మాట్లాడిన ముక్క ఆయన మరునాడు బ్లేడుతో కోసేసి, రెండు కొసలూ సన్నగా అతికించాడు. పదకొండు సెకన్లు. అతుకు తనకే వినిపించలేదు. పెద్ద డాక్టరు భుజం తట్టాడు. ఆ రోజుల్లో అంతకంటే ఏం కావాలి.

ఆ తర్వాత రెండు నెలలకే ఆవిడకు మొదలైంది. కొలనులో, పదిమంది పిల్లలు గట్టు పట్టుకుని కాళ్ళాడిస్తుండగా, ఛాతీలో ఎవరో స్విచ్చి వేసినట్టు గుండె ఎగిరిపడింది. కళ్ళు చీకట్లు కమ్మాయి. గట్టెక్కి కూర్చుంటే కాసేపటికి, స్విచ్చి ఆపినట్టే, ఆగిపోయింది. నెలకోసారి, పదిహేను రోజులకోసారి అలా వచ్చేది. ఆసుపత్రికి పరుగెత్తేసరికి ఏమీ ఉండేది కాదు, గుండె పరీక్ష కాగితం తెల్లగా, బుద్ధిగా కనిపించేది. ఇక ఇంట్లో అసలు నిపుణుడు ఉండనే ఉన్నాడు.

"ఏం లేదు, భయమే" అనేవాడు మాస్టారు. "ఇలాంటివాళ్ళను నేను రోజూ చూస్తాను. కాసిని నీళ్ళు తాగు, తగ్గిపోతుంది."

"భయం తర్వాత వస్తోందండీ. ముందు గుండె వస్తోంది."

"అందరూ అలాగే అనుకుంటారు."

ఒకసారి ఆవిడ అక్కగారు వచ్చి, "మరిదిగారూ, మీ ఆఫీసులో ఊళ్ళో వాళ్ళందరి భయాలూ చూస్తారట, మా చెల్లెల్ని ఓసారి సరిగ్గా చూడకూడదా?" అని ఎత్తిపొడిచింది. "చూడ్డమేమిటి వదినా, దాని గుండె నేను రోజూ వింటూనే ఉన్నాను. గడియారంలా ఉంటుంది" అన్నాడు. అబద్ధం కాదు. పరీక్షలు లేకపోయినా యంత్రాలు సరిచూడటానికి ఆ టేపు రోజుకు రెండుసార్లు వినేవాడు.

నీళ్ళలో పిల్లలుండగా తనకు ఏమైనా అయితే ఎలా అని ఆవిడ ఉద్యోగం మానేసింది. తర్వాత మెట్లు మానేసింది, ఒంటరిగా బజారుకు వెళ్ళడం మానేసింది. ఒక్కటి మాత్రం సొంతంగా కనిపెట్టుకుంది. గుండె ఎగిరినప్పుడు చల్లటి నీళ్ళలో ముఖం ముంచి ఊపిరి బిగబడితే ఆగుతోంది. అందుకని స్నానాల గదిలో ఒక నీలం టబ్బు ఎప్పుడూ నిండా ఉండేది. మాస్టారు మధ్యాహ్నం ఇంటికొస్తే ఒక్కోసారి ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని, చెవుల దాకా నీళ్ళలో తల పెట్టి, కదలకుండా కనిపించేది. జుట్టు నీళ్ళ మీద తేలుతూ ఉండేది. మొదటిసారి చూసినప్పుడు ఆయన భుజాలు పట్టి పైకి లాగాడు. తర్వాత అలవాటైపోయింది. మనిషికి దేనికైనా అలవాటు పడే గుణం ఉందే, అంతకంటే భయపడాల్సిందేదీ లేదని నాకనిపిస్తుంది.

ఇక్కడ ఆవిడ గది దాటి బయటికి రాలేకపోతుంటే, అక్కడ ఆవిడ గుండె ఆరు వందల మంది చెవుల్లో తిరిగొచ్చింది. టేపు అరిగిపోతుందని కంప్యూటరులోకి ఎక్కించారు. మాస్టారు మాత్రం దాన్ని టేపనే అనేవాడు. కుర్చీలో కూర్చున్నవాళ్ళు అప్పుడప్పుడు చిత్రమైన మాటలు చెప్పేవారు. హెడ్‌ఫోన్ తీసేసి పది నిమిషాలైనా ఇంకా వినిపిస్తోందని, అది తనది కాదని తెలిసినా పోవడం లేదని ఒక గుమాస్తా ఏడ్చాడు. ఒక ముసలావిడ, ఏ జబ్బూ లేని మనిషి, కుర్చీలోంచి లేస్తూ అద్దం వైపు తిరిగి, "లోపల ఉన్న అమ్మాయి ఏదో చెప్పబోయి ఆగిపోయింది, ఏమిటో కనుక్కోండి" అంది. లోపల అమ్మాయి ఎవరూ లేరని నర్సు నచ్చజెప్పింది. అద్దం వెనక మాస్టారు కూడా ఆ మాట విన్నాడు. ఆ రోజు గదికి తాళం వేసి రెండుసార్లు లాగి చూసుకున్నాడు.

పెద్ద డాక్టరు రిటైరయ్యాక ఆయన స్థానంలో ఒక చిన్న డాక్టరమ్మ వచ్చింది. ఊరుకునే రకం కాదు. ఇన్నేళ్ళూ అందరూ గుండె గీతల్నే చూశారు. ఊపిరి గీతలు ఎవరూ విప్పని కట్టల్లోనే ఉండిపోయాయి. ఆ అమ్మాయి వాటన్నిటినీ కంప్యూటరుకెక్కించి, ఆరు వందల గీతలు ఒకదాని మీద ఒకటి పరిచి, మాస్టారిని పిలిచింది.

"మాస్టారూ, ఇటు చూడండి. టేపు నాలుగో నిమిషం, పన్నెండో సెకను."

తెర మీద గీతలన్నీ చిక్కుపడిన నూలులా ఉన్నాయి. ఎవరి ఊపిరి వారిది, ఎవరి తీరు వారిది. ఆ ఒక్కచోట మాత్రం అన్నీ కలిసి ఆగిపోయాయి. జబ్బున్నవాళ్ళు, లేనివాళ్ళు, ఇరవై ఏళ్ళ కింద కూర్చున్నవాళ్ళు, నిన్న కూర్చున్నవాళ్ళు, అందరూ రెండు సెకన్లు ఊపిరి తీయలేదు.

"యంత్రం తప్పేమో" అన్నాడు మాస్టారు.

"మధ్యలో యంత్రాలు మూడుసార్లు మారాయి కదా. మారనిది టేపొక్కటే. అందరూ ఒకేసారి నీళ్ళలో ముఖం పెట్టినట్టుంది చూడండి. ఆ చోట ఏముంది మాస్టారూ?"

నీళ్ళలో ముఖం అనగానే ఆయన కళ్ళ ముందు నీలం టబ్బు, తేలుతున్న జుట్టు కనిపించాయి. ఆ అమ్మాయికి ఆ సంగతి తెలియదు.

"ఏమీ లేదమ్మా. అక్కడ ఒక అతుకుంది. మా ఆవిడ మధ్యలో మాట్లాడితే ఆ ముక్క తీసేశాను."

"ఏం మాట్లాడారు?"

ఆయనకు తెలియదు. ఆరు వందల మందికి వినిపించిన మనిషికి, ఆ ఆదివారం తన భార్య ఏమందో గుర్తులేదు. కోసేటప్పుడు కూడా విననే లేదు. చప్పుడు కొలిచే సూది కదిలిన తీరు చూసి, పాడైన ముక్క ఇక్కణ్ణుంచి ఇక్కడికి అని గీత పెట్టి కోసేశాడు. ఆ పనిలో ఉన్నవాళ్ళంతా అంతే. గుండె కావాలంటే గుండె ఒక్కటే ఉండాలి, మనిషి మాట అందులో చెత్త.

అయితే మాస్టారికి ఏదీ పారేసే అలవాటు లేదు. మరునాడు పొద్దున్నే సామాన్ల గదిలోకి వెళ్ళి, దుమ్ము కొట్టుకుపోయిన బిస్కట్ల డబ్బా దించాడు. కాగితం చుట్టిన టేపు ముక్కలు, ఒక్కోదాని మీద ఆయన రాతే. 'ఆదివారం, బల్ల, మాట, వద్దు' అని రాసినది అడుగున ఉంది. మనిషి చేతులు చాచితే అందేకంటే కాస్త పొడవు. పాత టేపు యంత్రానికి గుడ్డ తీసి, ముక్కకు ముందూ వెనకా ఖాళీ టేపు అతికించి, ఎక్కించాడు.

మొదట అందరికీ వినిపించే గుండే వినిపించింది, ఒక్కసారి. ఆ వెంటనే ఎగిరింది. మెల్లమెల్లగా కాదు. మెట్లెక్కిన గుండె అలా ఎగరదని ఆయనకు తెలుసు, బహుశా ఆయనకు తెలిసినంత బాగా ఎవరికీ తెలియదు. ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ మధ్య వేగం రెండింతలైంది, లెక్కపెట్టడానికి లేదు, గింజలు ఒలకబోసినట్టు. దాని మీద, ఎముకల లోపలినుంచి వస్తున్నట్టు, ఒక గొంతు.

"ఏమండీ, ఆపండి. నా గుండె ఏదో అయింది. ఆపండి."

తర్వాత దూరంగా ఒక కుర్రవాడి గొంతు, విసుగ్గా. "కదలకు, టేపు పాడవుతుంది." ఆ కుర్రవాడు తనేనని గ్రహించడానికి ఆయనకు కాసేపు పట్టింది. ఒక దగ్గు. గుండె ఠక్కున ఆగింది. ఎంతసేపంటే, మాస్టారు కుర్చీ చేతులు పట్టుకున్నాడు. ఒక బరువైన దెబ్బ, ఆపైన మళ్ళీ బుద్ధిమంతురాలైన పాత గుండె. అంతటితో ముక్క అయిపోయి ఖాళీ టేపు సుయ్యిమంటూ తిరిగింది.

ఆయన ఇంకోసారి విన్నాడు, ఈసారి మొదటి కొసను. ఆవిడ గుండె ఎగరబోతుండగానే మాట కోసం ఊపిరి లాక్కుంది. ఆ లాక్కోవడం సగం ఈ ముక్కలో ఉంది. మిగతా సగం బ్లేడుకు అవతల, పెద్ద టేపులో ఉండిపోయింది. చెవికి అందనంత సన్నగా ఉన్నా ఒంటికి అందింది. ఎదుటి మనిషి మాట్లాడబోతూ ఊపిరి తీసుకుంటే మనం మన ఊపిరి ఆపి వింటాం. ఆరు వందల మంది పరాయివాళ్ళు, కళ్ళు మూసుకుని, ఆవిడ ఏం చెబుతుందోనని ఆగి విన్నారు. చెప్పాల్సిన మాట డబ్బా అడుగున పడి ఉంది. ఆగనిది ఒక్క ఆయనే. ఏడ్చాడని తర్వాత ఆయనే చెప్పాడు, నేను కల్పించడం లేదు.

ఇంటికి వెళ్ళి భార్యతో అంతా చెప్పాడు. ఆవిడ తువ్వాలుతో జుట్టు తుడుచుకుంటూ విన్నది. గట్టిగా అరుస్తుందేమోనని ఆయన ఎదురుచూశాడు. అరిస్తే బాగుండుననుకున్నాడు.

"నా గుండె బాగుందని అన్నేళ్ళు ఎలా చెప్పారండీ?"

"విన్నాను కాబట్టి చెప్పాను."

"కోసేయగా మిగిలింది విన్నారు" అంది ఆవిడ.

చిన్న డాక్టరమ్మ ఆవిడను తనకు తెలిసిన గుండె డాక్టరు దగ్గరికి పంపింది. ఆయన ఒక చిన్న యంత్రాన్ని ఛాతీకి అంటించి వారం రోజులు తీయొద్దన్నాడు. ఐదో రోజు కూరలు తరుగుతుండగా గుండె ఎగిరింది. ఈసారి దానికి సాక్షి ఉంది. కాగితం చూపిస్తూ డాక్టరు, గుండెలో పుట్టుకతోనే ఒక అడ్డదారి ఉందని, కరెంటు అందులో పడి గిరగిరా తిరుగుతోందని చెప్పాడు. ముఖం నీళ్ళలో పెట్టడం ఎవరు నేర్పారని అడిగాడు. ఎవరూ నేర్పలేదని, తనే కనిపెట్టానని ఆవిడ చెబితే, "మేం చెప్పేదీ అదేనమ్మా" అన్నాడు. ఆ మాటకు ఆవిడ ముఖం విప్పారింది. అన్నేళ్ళలో ఆవిడను నమ్మిన మొదటి మనిషి ఆయన.

తొడలోని నరం గుండా సన్నటి తీగ పంపి ఆ అడ్డదారిని మాడ్చేశారు. గంటన్నర పట్టింది. ఆ గంటన్నర మాస్టారు బయట బెంచీ మీద కూర్చుని ఆసుపత్రిలోని ప్రతి చప్పుడూ విన్నాడు, తనకు కావలసింది మాత్రం తలుపు అవతల ఉండిపోయింది. ఆవిడ బాగానే బయటికొచ్చింది. మూడు నెలలు ఒక్కసారి కూడా గుండె ఎగరలేదు. నీలం టబ్బు బోర్లించి పెట్టింది. అక్కను వెంటబెట్టుకుని కొలనుకు వెళ్ళి, మొదటి రోజు గట్టు మీదే కూర్చుని వచ్చేసింది. రెండో రోజు దిగింది.

పాత టేపును ఇక వాడకూడదని చిన్న డాక్టరమ్మ తీర్మానించింది. ఆ గుండె ఎవరిదో వాళ్ళ అనుమతి కూడా కాగితం మీద ఉండాలంది. ఇన్నేళ్ళూ ఎవరికీ తోచని సంగతి అది. ఆవిడ సంతకం పెట్టడానికి వచ్చి, ఇరవై ఆరేళ్ళ తర్వాత ఆ కిటికీ లేని గదిలో అడుగుపెట్టింది. కుర్చీని, మెత్తల గోడలను, అదే పొట్టి బల్లను చూసింది.

"కొత్తది రికార్డు చేయాలమ్మా. ఎవరిది తీసుకోవాలో తెలియడం లేదు" అంది డాక్టరమ్మ.

"ఈయనది తీసుకోండి" అంది ఆవిడ.

కాదనే ముఖం మాస్టారికి లేదు. చొక్కా విప్పి, మైకు అంటించుకుని బల్ల పక్కన నిలబడ్డాడు. ఆవిడ అద్దానికి అవతల ఆయన కుర్చీలో కూర్చుని హెడ్‌ఫోన్ పెట్టుకుంది. ఏ బొత్తం నొక్కితే ఆగుతుందో డాక్టరమ్మను అడిగి, దాని మీద వేలు పెట్టుకుంది. మాస్టారు ఎక్కాడు, దిగాడు. ఆయన చెవులకూ హెడ్‌ఫోన్ ఉంది, తన గుండె తనకు పెద్దగా వినిపిస్తోంది. ఇరవై దాటాక అది ఎవరిదోలా అనిపించింది. అద్దంలో తన ముఖమే కనిపిస్తోంది, దాని వెనక ఆవిడ ఉందో లేదో తెలియడం లేదు. తలుపు ఎటుందో ఒక్క క్షణం గుర్తు రాలేదు. అరచేతులు చల్లబడ్డాయి. ఈ గదిలో కూర్చున్నవాళ్ళంతా చెప్పిన మాటలు ఒక్కొక్కటే తనకు జరుగుతున్నాయి. చెబుదామని ఊపిరి లాక్కున్నాడు.

మాట ఇంకా నోట్లోంచి రాలేదు. గుండె చప్పుడు చెవుల్లో ఠక్కున ఆగిపోయింది. తలుపు తెరుచుకుంది. ఆవిడ మెడలో హెడ్‌ఫోన్ వేలాడుతూనే ఉంది.

"ఏమిటండీ? చెప్పండి."

"ఏం లేదు" అన్నాడు మాస్టారు, బల్ల మీద కూలబడి. "భయమే."

"అది మీరూ నేనూ చెప్పేది కాదు" అంది ఆవిడ. ఆయన మణికట్టు పట్టుకుని, డాక్టరమ్మ వైపు తిరిగి, "టేపు సంగతి తర్వాత చూద్దాం, ముందు ఈయన్ని పరీక్ష చెయ్యండి" అంది.